చేతి వెనక నక్షత్రాలు

పదిహేనేళ్ల పిల్ల చేతి వెనకభాగాన్ని మంచి వెలుగులో భూతద్దం పెట్టి చూస్తే సన్నటి గీతల వల కనిపిస్తుంది. గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ చిన్న చిన్న త్రిభుజాలు కడతాయి. కొన్ని త్రిభుజాల కొసలు ఒకచోట కలిసినప్పుడు అక్కడినుంచి గీతలు అన్నివైపులకూ విచ్చుకుని నక్షత్రంలా ఉంటాయి. పెద్ద గీతలన్నీ ఇంచుమించు ఒకే లోతు. వాటి నడుమ పిల్లగీతలు కోకొల్లలు. ఎండలో పని చేసి అరవై దాటిన మనిషి చేతి మీద అదే చోట చూస్తే నక్షత్రాలు ఉండవు. లోతైన గీతలు కొన్ని దూరదూరంగా సాగి ఉంటాయి. వాటి మధ్య చర్మం చదునైపోయి ఉంటుంది. పిల్లగీతలు చెరిగిపోయి ఉంటాయి.

రాజంపేటలో, అంటే మన కామారెడ్డి జిల్లా రాజంపేటలో, రాయలసీమ రాజంపేటలో కాదు, ఈ రెండు చేతులూ ఒకే ఇంట్లో దొరుకుతాయి: బడికి పోయే మనవరాలిది ఒకటి, ఏళ్ల తరబడి నాట్లేసి కలుపు తీసిన నాయనమ్మది ఇంకొకటి. తేడా ఎవరికైనా కనిపిస్తుంది. ఆ తేడాకు ఒక అంకె వేయాలి, ఆ అంకె రేపు మరొకరు చూసినా మారకూడదు అన్నప్పుడే అసలు పని మొదలవుతుంది. చర్మం మీద వయసు గుర్తులను కొలిచే పరిశోధకుల పనితనం నాకు ఎంతో ఇష్టం. దానికి తగిన గౌరవం దక్కలేదని కూడా నా నమ్మకం. క్రీముల ప్రకటనల్లో 'ముడతలు ఇంత శాతం తగ్గాయి' అని చదివేవాళ్లం ఆ శాతం వెనక ఎంత ఓపిక ఉండాలో ఆలోచించం.

ఆ గీతల వల సంగతే తీసుకుందాం. పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు బీగ్లీ, గిబ్సన్ 1980లో దాన్ని ఆరు మెట్లుగా విడగొట్టారు. మొదటి మెట్టులో పెద్ద గీతలన్నీ సమానం, పిల్లగీతలు నిండుగా, నక్షత్రాలు పొందిగ్గా ఉంటాయి. రెండో మెట్టుకు నక్షత్రాలు ఉంటాయి గానీ వాటిలో ఒకటో రెండో గీతలు మసకబారతాయి. మూడో మెట్టులో పెద్ద గీతల లోతు ఎగుడుదిగుడవుతుంది, నక్షత్రాలు దాదాపు మాయమవుతాయి. నాలుగులో పెద్ద గీతలు ముతకబారి, పిల్లగీతలు వంకరపోతాయి. ఐదులో గీతల మధ్య చర్మం బల్లపరుపుగా తేలుతుంది. ఆరులో లోతైన పెద్ద గీతలు తప్ప మరేమీ మిగలవు. ఇందులో మెచ్చుకోవలసింది వాళ్లు దేన్ని చూడాలనుకున్నారన్నది. ముడతలు లెక్కపెట్టడం అందరికీ తోచేదే. వీళ్లు ముడత పడకముందే చెరిగిపోయే పిల్లగీతల మీద కన్ను వేశారు. పైకి ఇంకా నున్నగా కనిపించే చేతిలో కూడా ఎండ చేసిన పని అక్కడ దొరుకుతుంది.

చేతిని నేరుగా చూసి మెట్టు వేయడంలో చిక్కుంది. చెయ్యి కదులుతుంది, వెలుగు మారుతుంది, చేయి చాపిన మనిషి ముఖం ఎదురుగా ఉంటుంది. ముఖం చూశాక పరీక్షకుడి మనసులో ఒక వయసు పడిపోతుంది. మెట్టు ఆ వయసు వెంటే నడుస్తుంది. అందుకని చేతి మీద మెత్తటి సిలికాన్ ముద్ద పూసి, అది గట్టిపడ్డాక పొరలా ఒలిచి తీస్తారు. పంటి డాక్టర్లు అచ్చు తీసే పదార్థం లాంటిదే. చర్మంలో గీత ఉన్నచోట అచ్చులో గట్టు వస్తుంది. ఆ పొరకు పేరుండదు, ముఖం ఉండదు, ఒక సంకేత సంఖ్య మాత్రమే ఉంటుంది. తక్కువ పవరు మైక్రోస్కోపు కింద పెట్టి, వెలుగు పక్కనుంచి వేసి, తీరిగ్గా మెట్టు వేయవచ్చు. నాలుగేళ్ల నాటి అచ్చునూ నిన్నటి అచ్చునూ కలిపేసి ఏది ముందుదో ఏది వెనుకదో తెలియకుండా చూడవచ్చు.

ఈ అచ్చుల పద్ధతికి ఎంత సత్తువ ఉందో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో నాంబూర్ అనే ఊరు చూపించింది. 1992 నుంచి 1996 దాకా అక్కడ చర్మ క్యాన్సర్ మీద పెద్ద ట్రయల్ జరిగింది. కొందరికి రోజూ పొద్దున్నే తల, మెడ, చేతులకు సన్‌స్క్రీన్ రాసుకోమన్నారు. మిగతావాళ్లను ఎప్పటిలాగే ఉండమన్నారు. ఎండ మండే దేశంలో రక్షణ లేని ఉత్త క్రీము ఇచ్చి మోసపుచ్చడం తగదని రెండో జట్టుకు అలాంటిదేమీ ఇవ్వలేదు. రెండు జట్లలోనూ కలిపి 55 ఏళ్ల లోపు 903 మంది చేతుల అచ్చులను మొదట్లోనూ చివర్లోనూ తీసి పోల్చారు. ఫలితం 2013లో వచ్చింది. నాలుగున్నరేళ్లలో రోజూ రాసుకున్న జట్టులో చర్మం ముదిరిన జాడ పెరగలేదు. రెండో జట్టుతో పోలిస్తే వీళ్లలో ముదురు 24 శాతం తక్కువ. రాసుకుంటున్నామని పాల్గొన్నవాళ్లకు తెలుసు, ఇంట్లోవాళ్లకూ తెలుసు. అచ్చులు చూసి మెట్టు వేసిన మనిషికి మాత్రం తెలియదు. ఆ తెలియకపోవడాన్ని చివరిదాకా కాపాడారు కాబట్టే ఆ 24 శాతాన్ని నేను నమ్ముతాను.

చేతికి అచ్చు సరే, ముఖం మాటేమిటి? ముఖానికి చాలాకాలం మాటలే కొలత. 'కొద్దిగా', 'ఒక మోస్తరు', 'ఎక్కువగా' అని రాసేవారు. ఒక డాక్టరు కొద్దిగా అన్నది ఇంకొకరికి ఒక మోస్తరు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో గ్రిఫిత్స్ బృందం 1992లో ఈ మాటల పక్కన ఫొటోలు పెట్టింది. 0 నుంచి 8 దాకా తొమ్మిది మెట్లు, వాటికి ఐదు ప్రామాణిక ఫొటోలు. కంసాలి గీటురాయి మీద తెలిసిన మచ్చు బంగారం గీత పక్కన తెలియని బంగారం గీసి రంగు పోల్చినట్టు, ఎదుటి ముఖాన్ని ఆ ఫొటోల పక్కన పెట్టి ఎక్కడ కుదురుతుందో చూస్తారు. రెండు ఫొటోల మధ్య పడితే మధ్య అంకె వేస్తారు. ఉత్త మాటల కొలతతో పోటీపెట్టి చూస్తే ఫొటోల కొలతలో పరీక్షకుల మధ్య పొత్తు బాగా పెరిగింది. అదే మనిషి మళ్లీ చూసినా అదే అంకె రావడమూ మెరుగైంది.

ఈ పొత్తును లెక్కించడంలోనూ ఒక మెళకువ ఉంది. పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది మూడు, నాలుగు మెట్లలోనే ఉంటే, కళ్లు మూసుకుని అంకెలు వేసే ఇద్దరు కూడా చాలాసార్లు ఏకీభవిస్తారు. అందుకని కాకతాళీయంగా కుదిరే వాటాను తీసేసి, మిగిలిన పొత్తునే లెక్కలోకి తీసుకుంటారు. దాన్నే కప్పా అంటారు. ఒక మెట్టు తేడాకు చిన్న కోత, మూడు మెట్ల తేడాకు పెద్ద కోత వేసే పద్ధతీ ఉంది. మంచి ట్రయల్ రిపోర్టులో నేను మొదట వెతికేది ఈ అంకెనే. క్రీము ఎంత పనిచేసిందన్నది ఆ తరవాతి మాట.

అదే మిషిగన్ నుంచి 1988లో వచ్చిన, ట్రెటినాయిన్ అనే పూత మందు ట్రయల్ ఈ రంగానికి మలుపు. 30 మంది, 16 వారాలు. ఒక ముంజేతికి మందు, రెండో ముంజేతికి మందు లేని ఉత్త క్రీము. ఏ చేతికి ఏది పూశారో డాక్టరుకూ తెలియదు, రోగికీ తెలియదు. ఒకే మనిషి రెండు చేతులు కాబట్టి తిండి, వయసు, వంశం, ఎండ అన్నీ సమానం. మందు రాసిన చేతులు మెరుగుపడ్డాయి. ఇంత పొందికైన పనిలోనూ ఒక చిల్లు మిగిలింది. ట్రెటినాయిన్ చాలామంది చర్మాన్ని ఎర్రబరుస్తుంది, మంట పెడుతుంది. ఎర్రబడిన చేయే మందు చేయి అని చూసేవాడు ఊహించగలడు. దాచిపెట్టిన రహస్యాన్ని చర్మమే చెప్పేస్తుందన్నమాట. మందు ఆపి ఎరుపు తగ్గాక ఫొటోలు తీయడం, ఆ ఫొటోలను వేరే ఊళ్లో ఉన్న పరీక్షకుడికి వరస కలిపేసి చూపించడం లాంటి జాగ్రత్తలు ఈ చిల్లు పూడ్చడానికే.

ఫొటో తీయడమే ఒక విద్య. గడ్డం ఆనించే పీట, నుదురు తగిలే పట్టీ, ప్రతిసారీ అదే దూరం, అదే లెన్సు, పక్కన రంగుల పట్టిక. కళ్లు తెరవాలి, నవ్వకూడదు, నుదురు చిట్లించకూడదు. వెలుగుకూ లెన్సుకూ పోలరైజర్లు అడ్డంగా తిప్పి పెడితే చర్మం పైపొర మెరుపు పోయి లోపలి మంగు, ఎరుపు బయటపడతాయి. రెండింటినీ ఒకే దిక్కుకు తిప్పితే మెరుపు మిగిలి గీతలూ రంధ్రాలూ తేలతాయి. ఒకే ముఖం, ఒకే నిమిషం, రెండు వేరు బొమ్మలు. జిడ్డు తుడవకుండా ఒకసారి, తుడిచి ఒకసారి తీస్తే ఏ మందూ లేకుండానే ముడతలు తగ్గినట్టు చూపించవచ్చు. ఆ సంగతి తెలిసినవాడు 'ముందు', 'తరవాత' ఫొటోలను అంత తేలిగ్గా నమ్మడు.

యంత్రాలూ ఉన్నాయి. జర్మనీలో కొలోన్ నగరంలోని కరేజ్ ప్లస్ ఖజాకా సంస్థ చేసే క్యూటోమీటర్ వాటిలో పేరున్నది. 2 మిల్లీమీటర్ల రంధ్రమున్న మొనను చర్మానికి ఆనించి గాలి లాగుతారు. చర్మం చిన్న బుడిపెలా లోపలికి లేస్తుంది. ఎంత లేచిందో లోపలి కాంతిపుంజం చూస్తుంది. గాలి వదిలాక చర్మం ఎంత తొందరగా, ఎంత మేరకు మునుపటి స్థితికి వచ్చిందో గీత గీస్తుంది. వయసు పెరిగేకొద్దీ వెనక్కి రావడం మందగిస్తుంది. తేమ కొలిచేవి, ముడత లోతును చారల వెలుగుతో పటం గీసేవి ఇంకా చాలా ఉన్నాయి. అన్నిటికీ ఒకే షరతు: 20 నుంచి 22 డిగ్రీల గది, 40 నుంచి 60 శాతం గాలి తేమ, కొలవబోయే చోటు మీద బట్ట తీసేసి 15 నుంచి 30 నిమిషాల విశ్రాంతి. మే నెలలో 40 డిగ్రీలు దాటే కామారెడ్డిలో ఎండలో నడిచొచ్చిన మనిషిని వెంటనే కొలిస్తే చెమటనే కొలిచినట్టు. నాట్ల రోజుల్లో బురదనీళ్లలో గంటల తరబడి నానిన చేతికి అచ్చు తీస్తే ఎండ గీతలకు నీటి గీతలు తోడవుతాయి.

ఇంతవరకూ చెప్పిన కొలతలన్నీ తెల్లతోలు మీద పుట్టినవి. నా మెచ్చుకోలులో అభ్యంతరం మొదలయ్యేది ఇక్కడే. శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టరు గ్లోగా నాలుగు మెట్ల వర్గీకరణ చూడండి: ముడతలు లేవు, ముఖం కదిలితే ముడతలు, కదలకున్నా ముడతలు, అంతా ముడతలే. ఎంత పొదుపు! ఆ పొదుపు నాకు నచ్చుతుంది. కానీ మన ముఖాల్లో వయసు మొదట ముడతగా రాదు. రంగుగా వస్తుంది. బుగ్గల మీద మంగు, కళ్ల కింద నలుపు, నోటి చుట్టూ నుదుటి పక్కలా రంగు తేడా, మెడ మీదా చెంపల మీదా పులిపిర్లలాంటి నల్లటి చిన్న బుడిపెలు. గట్టి ముడతలు తెల్లవాళ్లకంటే ఏళ్ల తరవాత వస్తాయి. గ్లోగా లెక్కలో మన నలభై ఐదేళ్ల ఇల్లాలు పడుచుపిల్ల మెట్టులోనే నిలబడుతుంది. అద్దంలో ఆమెకు కనిపించే మార్పు ఆ కాగితం మీద ఎక్కడా ఉండదు.

ఫిట్జ్‌ప్యాట్రిక్ 1975లో చేసిన చర్మరకాల పట్టికా ఇలాంటిదే. మొదట నాలుగు రకాలూ తెల్లవాళ్లకే, గోధుమ రంగు, నలుపు తరవాత కలిపారు. హైదరాబాద్‌ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2013 నాటి పరిశోధన దక్షిణ భారతంలో 1228 మంది చర్మం రంగును యంత్రంతో కొలిచి, ఆ తేడాల్లో ఇంచుమించు 27 శాతం ఎస్ఎల్‌సీ24ఏ5 అనే జన్యువులోని ఒకే ఒక్క అక్షరం మార్పు వల్లనని తేల్చింది. ఒకే ప్రాంతంలో అంత వైవిధ్యం ఉన్న చర్మాన్ని రెండు మూడు గళ్లలో కుక్కితే కొలత అనిపించుకోదు. 2014లో మన దేశంలోని నాలుగు నగరాల్లో 1204 మంది మహిళల ముఖాల మీద అచ్చంగా రంగునూ మచ్చలనూ కొలిచిన అధ్యయనం వచ్చింది. నా దృష్టిలో అది సరైన దారి.

రంగు కొలిచేటప్పుడు మన ఊళ్లలో మాత్రమే ఎదురయ్యే చిక్కొకటి ఉంది. ఐటీఏ అనే కోణం లెక్కలో రెండు అంకెలు ఉంటాయి: వెలుగు ఎంత, పసుపు ఎంత. వెలుగులోంచి 50 తీసేసి, పసుపుతో భాగించి, దాన్ని కోణంగా మారుస్తారు. కోణం 55 దాటితే బాగా తెలుపు, మైనస్ 30 కంటే దిగితే బాగా నలుపు. వెలుగు 45, పసుపు 18 ఉన్న చర్మానికి కోణం మైనస్ 15.5 వస్తుంది. ఆమె పొద్దున ముఖానికి పసుపు రాసుకుని పసుపు అంకె 30కి పెరిగిందనుకోండి. వెలుగు మారకపోయినా కోణం మైనస్ 9.5 అవుతుంది. అంటే ఆమె ఆరు డిగ్రీలు తెల్లబడినట్టు లెక్క చెబుతుంది. అదే వెలుగు 50 దాటిన చర్మానికైతే ఆ పసుపే నల్లబడినట్టు చూపిస్తుంది. శుక్రవారం కొలతకూ మంగళవారం కొలతకూ తేడా వస్తే అది క్రీము మహిమా, పసుపు మహిమా? నుదుటన పచ్చబొట్టు, బొట్టుబిళ్ల జిగురుకు తెల్లబారిన చోటు, ముంజేతి మీద గాజుల ఒరిపిడి, ఇవన్నీ కొలత చోటు ఎంచుకునేటప్పుడు చూసుకోవాలి. విదేశాల్లో రాసిన కొలతల నియమాల్లో పసుపు ప్రస్తావన ఉండదు. అది మనమే చేర్చుకోవాలి.

ఇలాంటివి సరిచూసుకుంటే రాజంపేట లాంటి ఊరు ఈ పరిశోధనకు ఎంత అనువైనదో! ఒకే వీధిలో, ఒకే ఈడు ఆడవాళ్లలో ఒకరు పొలంలో, ఇంకొకరు అరుగు నీడన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉంటారు. పక్కింటి మగమనిషి గల్ఫ్ ఎండలో పదేళ్లు గడిపి వస్తాడు. 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీ నడిపేవాళ్లూ జిల్లాలో తక్కువేమీ కాదు. 2012లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో 69 ఏళ్ల డ్రైవరు ఫొటో వచ్చింది. 28 ఏళ్లు డెలివరీ ట్రక్కు నడిపితే కిటికీ వైపున్న ఎడమ చెంప ముడతలతో దళసరెక్కింది, కుడి చెంప మామూలుగా ఉంది. అద్దం అతినీలలోహిత 'బి' కిరణాలను ఆపుతుంది, 'ఏ' కిరణాలను చాలావరకు వదిలేస్తుంది. మన దగ్గర స్టీరింగు కుడివైపు కాబట్టి చూడవలసింది కుడి చెంప, కుడి మోచేయి. ఒకే ముఖంలో రెండు సగాలను పోల్చడం ఆ రెండు ముంజేతుల ట్రయల్ లాంటిదే, బతుకు తెరువు చేసిపెట్టిన ట్రయల్ అనుకోవాలి.

ఎండ వాటానూ వయసు వాటానూ విడదీయడానికి జర్మన్ పరిశోధకులు 2009లో సినెక్సా అనే పట్టిక తయారుచేశారు. అందులో 23 గుర్తులు. 5 వయసువి, 18 బయటి కారణాలవి. మోచేతికి పైన, లోపలివైపు, ఎండ సోకని చర్మాన్ని ముంజేతి పైభాగంతో పోలిస్తే ఆ రెండు వాటాలూ కంటికే కనిపిస్తాయి. బయటి కారణమంటే ఎండ ఒక్కటే కాదని 2010లో అదే బృందం చూపింది. 70 నుంచి 80 ఏళ్ల 400 మంది మహిళల్లో, వాహనాల మసి ఎక్కువున్న చోట నుదుటి మీదా చెంపల మీదా మచ్చలు ఎక్కువగా ఉన్నాయి. చైనాలో 2015లో వచ్చిన అధ్యయనం కట్టెలు, బొగ్గుతో వండే ఆడవాళ్ల ముఖాల్లో ముడతలు 5 నుంచి 8 శాతం ఎక్కువని చెప్పింది. కట్టెల పొయ్యి దగ్గర సగం జీవితం గడిపిన మన అవ్వల దగ్గర పొయ్యి సంగతి అడగకుండా ఎండకే తప్పంతా అంటగట్టకూడదు.

ఎండ పడే చోట నల్లబడిన చర్మమంతా ముదుసలితనమూ కాదు. జొన్నరొట్టే ముఖ్యాహారంగా ఉన్న దక్కనులో పెల్లాగ్రా వచ్చి మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచేది. హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనాలయంలో గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో జొన్నలోని అమైనో ఆమ్లం ల్యూసిన్‌కు ఆ జబ్బుకు ముడి ఉందని వాదించారు. అది పోషకాల లోపం, వయసు కాదు. మెట్టు వేసే డాక్టరుకు ఈ చరిత్ర తెలిసి ఉండాలి.

ఇక అన్నిటికంటే మొండి సమస్య వయసే. చర్మం వయసు అసలు వయసుకంటే ముందుందా వెనకుందా అని చెప్పాలంటే అసలు వయసు తెలియాలి. డెబ్బై దాటినవాళ్లలో చాలామంది ఆధార్ కార్డు మీద పుట్టినరోజు జనవరి 1. "ఎన్నేండ్లే అవ్వా?" అంటే "ఏమెరుక బిడ్డా, రజాకార్లు వచ్చినప్పుడు నేను సంకల పిల్లనంట" అనే జవాబు రావచ్చు. ఆ జవాబును కొట్టిపారేయకూడదు. జనాభా లెక్కలవాళ్లు సంఘటనల పట్టిక పట్టుకుని కూర్చుంటారు: 1948 పోలీసు చర్య, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పాటు, 1969 ఉద్యమం, 1983లో ఎన్టీఆర్ రావడం. పెండ్లి ఎప్పుడు, పెద్దకొడుకు ఎప్పుడు పుట్టాడు, అప్పటికి ఏ సంఘటన జరిగింది అని అల్లుకుంటూ పోతే రెండు మూడేళ్ల తేడాలోకి వయసు చిక్కుతుంది. సంకన ఉన్న పిల్ల అంటే 1947 ప్రాంతంలో పుట్టింది.

డెన్మార్క్‌లో పుట్టిన తేదీలన్నీ రికార్డుల్లో ఉంటాయి. అక్కడ 70 దాటిన 1826 మంది కవలల ఫొటోలు చూపించి వయసు ఎంతుంటుందో చెప్పమన్నారు. 20 మంది నర్సులు, 10 మంది కుర్రాళ్లు, 11 మంది పెద్దవయసు ఆడవాళ్లు అంచనా వేశారు. కవలల్లో ముదురుగా కనిపించినవాళ్లు ముందుగా పోయే అవకాశం ఎక్కువని 2009లో తేలింది. ముఖం చూసి వయసు చెప్పడం అనే రోజువారీ అలవాటు కూడా, చూసేవాళ్ల సంఖ్య పెంచి సగటు తీస్తే, పనికొచ్చే కొలతగా మారింది. రాజంపేటలో ఈ పని చేయాలంటే ముందు సంఘటనల పట్టిక, తరవాత ఫొటో, ఆ తరవాతే అచ్చు. ఫొటోలు చూసి అంచనా వేసేవాళ్లను ఇంకో జిల్లా నుంచి తేవాలి. ఊళ్లోవాళ్లయితే ముఖం చూడగానే ఎవరి తల్లో, ఎవరి అత్తో గుర్తుపట్టి వయసు చెప్పేస్తారు.